ఇద్దరికే చోటు

అడవిలోకి బుడంకాయని తీసుకెళ్ళకూడదట.

ఆ సంగతి చెప్పింది గేటు పక్క గదిలో కూర్చున్న గుమాస్తా. అతని భాష వీళ్ళకి రాదు, వీళ్ళ భాష అతనికి రాదు. అందుకని అరచేతిని నేలకి కాస్త ఎత్తున పెట్టి, ఇంత పిల్లలు, అన్నట్టు చూపించి, అదే చేతిని అడ్డంగా ఊపేశాడు. అప్పటికీ అర్థం కాదేమోనని గోడ మీద బొమ్మ చూపించాడు. బొమ్మలో నోరు బార్లా తెరిచి ఏడుస్తున్న పిల్లాడు, వాడి మీద అడ్డంగా ఎర్ర గీత. జీపులకి తలుపులుండవు, పైన కప్పుండదు. ఐదేళ్ళు నిండనివాళ్ళని ఎక్కించరు.

బుడంకాయకి రెండున్నరేళ్ళు. అసలు పేరు ఇంకేదో ఉంది గానీ ఇంట్లో ఎవరూ వాడరు. తల్లి చంకలోంచి దిగడానికి పెనుగులాడుతూ, ఆ బొమ్మలో ఉన్నది తనేనన్నట్టు గొంతు సవరించుకుంటున్నాడు. కోడలు వాడిని రెండో చంకకి మార్చుకుని భర్త వైపు చూసింది. అతను కంగారు పడతాడనుకుంది, కనీసం గుమాస్తాతో కాసేపు వాదిస్తాడనుకుంది. అతను తీరిగ్గా కెమెరా అద్దం తుడుచుకుంటున్నాడు.

"అవును, ఐదేళ్ళు నిండాలి. బుక్ చేసేటప్పుడే చూశాను," అన్నాడు.

"చూశారా? మరి?"

"మరేముంది? అమ్మ ఉందిగా."

అత్తగారు కొంచెం దూరంలో సామాను కాపలా ఉంది. ఉందంటే కూర్చుని కాదు. కూర్చోవడం ఆవిడ ఒంటికి సరిపడదు. బస్సు కండక్టరు ఉద్యోగం దాదాపు అంతా నిలబడే చేసింది, రిటైరైన సంగతి కాళ్ళకి ఇంకా తెలియలేదు. ఒక్కొక్క సంచీ నెత్తి మీద వేలితో తట్టుకుంటూ లెక్క చూసుకుంటోంది. కాళ్ళకి కొత్త తెల్ల కాన్వాసు బూట్లు. చీర కింద ఆ బూట్లు చూసి రైల్లో బుడంకాయ కూడా నవ్వాడు. "అడవిలో ముళ్ళుంటాయి గదమ్మా," అని ఆవిడ కోడలికి సంజాయిషీ ఇచ్చుకుంది.

ఇప్పుడా బూట్లు చూడగానే కోడలికి గుండె కలుక్కుమంది. ఈ ప్రయాణం గురించి భర్త వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడినప్పుడు తను పక్కనే ఉంది. "ఉద్యోగమంతా బస్సులో తిరిగావు, ఏం చూశావమ్మా నువ్వు? మన దేశంలో లేనిదేముంది? మంచు కావాలంటే మంచు, ఇసుక కావాలంటే ఇసుక. ఈసారి నిన్ను అడవికి తీసుకెళ్తాను. ఏనుగుల్ని చూపిస్తాను," అన్నాడు. ఎంత మంచి కొడుకు అని మురిసిపోయి ఆ పూట అతనికి ఇష్టమైన కూర ఇంకోటి చేసింది కూడా. ఆ కూర తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండింది.

"ముందే చెప్పొచ్చుగా ఆవిడకి," అంది గొంతు తగ్గించి.

"చెబితే వచ్చేదా? నేనిక్కడే ఉంటాను నాయనా అనేది. ఇప్పుడు చూడు, రైలెక్కింది, దారంతా కొండలు చూసింది, గాలి మారింది. ఆవిడకీ మంచిదే."

అతను చెడ్డవాడు కాదు. టైల్స్ షోరూములో మేనేజరు. ఏ పలక ఏ గదికి నప్పుతుందో వచ్చినవాళ్ళకి చెప్పి ఒప్పించడం అతని పని. ఇంట్లోవాళ్ళని కూడా అలాగే ఎవరికి నప్పిన చోట వాళ్ళని పరిచేస్తాడు. అలా పరిచినట్టు వాళ్ళకి తెలియదు, నిజానికి అతనికీ తెలియదు.

"చిన్న జీపు మాట్లాడాను. వెనక ఇద్దరికే చోటు. పెద్ద జీపయితే పరాయివాళ్ళ తలకాయలన్నీ ఫోటోల్లో పడతాయి," అంటూ గుమాస్తా ఇచ్చిన రెండు టోకెన్లూ భార్య సంచీలో పడేశాడు. తాళాలు, మందులు, మాసిన రుమాలు, ఏదైనా అతను పడేసేది ఆ సంచీలోనే.

బస అక్కడికి నడిచేంత దూరం. వరసగా గదులు, ముందు సన్నటి వరండా, వరండా చివర నీళ్ళ కుళాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను టోపీ పెట్టుకుని బయల్దేరుతూ తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. "పిల్లల్ని రానివ్వరటమ్మా, ఇప్పుడే తెలిసింది. నువ్వు వాణ్ణి చూసుకుంటూ హాయిగా రెస్ట్ తీసుకో."

అత్తగారు కొడుకు వైపు చూసి, తర్వాత కోడలి వైపు చూసింది. కోడలు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని సంచీ జిప్పు లాగింది. ఇప్పుడే తెలియడమేమిటి అని అనాలి. అనడానికి ఆ ఒక్క క్షణమే ఉంది, అది కాస్తా జిప్పుతో పాటు మూసుకుపోయింది.

"సరే, వెళ్ళి రండి," అంది అత్తగారు.

అడవి నిజంగా బాగుంది. కోడలు పనిచేసేది ఒక ల్యాబులో. కిటికీ లేని గదిలో పొద్దున్నుంచీ వరసగా వచ్చేవాళ్ళ చేతుల్లో నరం వెతికి రక్తం తియ్యాలి. సెలవు దొరకడమే గగనం. అలాంటిది ఎదురుగా ఇంత పచ్చదనం, మోకాళ్ళ దాకా పెరిగిన గడ్డి, ఆ గడ్డిలోంచి ఒక్కసారిగా తలలెత్తి చూసిన జింకల గుంపు. ఆమె చూస్తూనే ఉంది గానీ ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. జీపు మలుపు తిరిగినప్పుడల్లా వెనక్కి చూస్తోంది. సీటు చివరికి జరుగుతోంది, మళ్ళీ లోపలికి జరుగుతోంది.

"ఏమిటా కదలడం? ఫోటో షేకయింది," అన్నాడు భర్త.

ఏనుగులు కూడా కనిపించాయి. దూరంగా, చెట్ల చాటున, మూడో నాలుగో. చూడగానే ఆమెకి తెల్ల బూట్లు గుర్తొచ్చాయి.

తిరిగొచ్చేసరికి అత్తగారు పిల్లాణ్ణి భుజాన వేసుకుని వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తోంది. కాలు గాలిన పిల్లిలా అంటారు గానీ పిల్లి అయినా ఎక్కడో ఓ చోట కూలబడుతుంది. మనవడు నిద్రపోయాడని ఆవిడ చూసుకోలేదు.

"ఏం చూశారమ్మా?" అంది ఆత్రంగా.

"ఏముంది అత్తయ్యా, అన్నీ పొదలే," అంది కోడలు. ఆవిడకి బాధ తగ్గుతుందని అలా అంది. తన బాధ తగ్గుతుందని కూడా.

భర్తకి అంత ఉపాయం లేదు. "పొదలేమిటి? ఏనుగులు! ఇదిగో చూడమ్మా," అని కెమెరా వెనకున్న చిన్న తెర చూపించాడు. అత్తగారు దాన్ని చేతి దూరంలో పెట్టుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"బాగుందిరా. ఇందులో ఏనుగేది, చెట్టేది?"

కొడుకు పగలబడి నవ్వాడు. ఆవిడా నవ్వింది. కోడలు బుడంకాయని అందుకుని లోపలికి వెళ్ళి పడుకోబెట్టింది. వాడి ఒంటికంతా అత్తగారి పౌడరు వాసన అంటుకుని ఉంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ జీపు. కుళాయి దగ్గర భర్త మొహం కడుక్కుంటుంటే కోడలు తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"ఇవాళ అత్తయ్యగారు వెళ్తే బాగుంటుంది కదండీ."

"అమ్మకి నడుం నొప్పి. ఆ గతుకులకి రేపు మంచం మీంచి లేవదు. కావాలంటే అడుగు." అడుగు అన్నాడే గానీ తనే అడిగాడు, తువ్వాలు మొహం మీదుండగానే, గట్టిగా. "అమ్మా! నువ్వొస్తావా జీపులో? గతుకులు బాగా ఉన్నాయి మరి!"

"మీరు వెళ్ళండిరా," అని లోపల్నుంచి వినిపించింది.

"విన్నావా? వద్దంటోంది."

ఆవిడ వద్దనలేదని కోడలికి తెలుసు. తనూ ఇలాంటి మాటలే అంటుంది. రెండే అప్పడాలు మిగిలినప్పుడు, ఏసీ గదిలో మంచం మీద చోటు చాలనప్పుడు, మీరు కానివ్వండి అంటుంది. అన్నాక ఎవరైనా ఇంకోసారి అడుగుతారేమోనని కాసేపు చూస్తుంది. ఆ కాసేపు ఇప్పుడు లోపలి గదిలో నడుస్తోంది. వెళ్ళి ఇంకోసారి అడగొచ్చు. అడిగితే ఆవిడ సరే అనొచ్చు. అంటే తను ఆగిపోవాలి.

ఆమె అడగలేదు. తనకీ వెళ్ళాలనే ఉంది, అసలు సంగతి అదే. ఆ అద్దాల్లేని, గోడల్లేని చోటికి ఇంకొక్క పూట. చెప్పులు మార్చుకుని జీపెక్కింది.

ఆ పొద్దున చిరుతపులి కనపడింది. బండరాయి మీద నడుం వాల్చి, ఎవరో పిలిస్తే విసుక్కున్నట్టు వీళ్ళ వైపు ఓసారి చూసి, మళ్ళీ తల పక్కకి తిప్పుకుంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. తెల్లబడుతున్న మీసాలున్న మనిషి, నోరు విప్పేది తక్కువ, చేతులతో చెప్పేది ఎక్కువ. మూతి మీద వేలు పెట్టి చూపించాడు. భర్త కెమెరా ఆగకుండా చప్పుడు చేస్తూనే ఉంది. ఎంతో మంది ఎన్నిసార్లొచ్చినా కనపడనిది తమకి కనపడింది. కోడలు ఊపిరి బిగబట్టి చూసింది, కళ్ళ నిండా చూసింది. ఆ చూస్తున్నంతసేపూ కాలి బొటనవేలు చెప్పులో ఆడుతూనే ఉంది. ఇంక చాలు, వెళ్దాం, అనాలనిపించింది. చిరుతపులి ఎదురుగా ఉండగా ఎవరైనా ఆ మాట అంటారా?

జీపు గేటు దగ్గరికొచ్చేసరికి అడ్డకర్ర దించి ఉంది. కాపలావాడు తాడు విప్పుతుంటే, కర్రకి అవతల అత్తగారు కనపడింది. చంకలో బుడంకాయ. కాళ్ళకి బూట్లు. వీళ్ళు రావడం చూడలేదు, పక్కనే లోపలికి వెళ్ళడానికి వరసగా ఆగి ఉన్న పెద్ద జీపుల వైపు తిరిగి ఉంది. ఒక చెయ్యి గాల్లో ఊపుతూ, పెద్ద గొంతుతో కేకలు పెడుతోంది.

"ఎక్కండెక్కండి! ఏనుగుల స్టాపు, జింకల స్టాపు, కోతుల స్టాపు! ఏయ్ బుడంకాయ్, ఫుట్‌బోర్డు మీద నిలబడకు, లోపలికి జరుగు! చిల్లర తీసి పట్టుకోవాలి!"

బుడంకాయ కిలకిలా నవ్వి, గుప్పిట్లోంచి లేని చిల్లర తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ముందు జీపు కదిలి లోపలికి పోయింది. ఆవిడ దాని వెనకే రెండడుగులు వేసి ఆగిపోయింది. కేకలు కూడా ఆగిపోయాయి. జీపు చెట్లలో కలిసిపోయేదాకా అలా చూస్తూ నిలబడింది. పిల్లాడు ఆవిడ గడ్డం పట్టుకుని ఇటు లాగుతున్నా తిరగలేదు.

"చూశావా, అమ్మ భలే ఎంజాయ్ చేస్తోంది!" అన్నాడు భర్త, మనస్ఫూర్తిగా.

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ పూట అన్నం సయించలేదు. పిల్లాడికి గుడ్డు తినిపించింది, వాడు ఉమ్మేశాడు, మళ్ళీ తినిపించింది. బట్టలు ఉతికి దండెం మీద వేసి, సరిగ్గా వెయ్యలేదని తీసి మళ్ళీ వేసింది. భర్త వరండాలో కుర్చీ వేసుకుని చిరుతపులి ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసుకుంటున్నాడు. తడిచేతులు చీరకి తుడుచుకుని వెళ్ళి అతని ముందు నిలబడింది.

"రేపు అత్తయ్యగారు వెళ్తారు. నేను ఉంటాను."

పెద్ద గొడవవుతుందనుకుంది. మాటలన్నీ సిద్ధం చేసుకుంది. అతను తల కూడా ఎత్తలేదు.

"సరే, అయితే రేపు నేనూ అమ్మా వెళ్తాం."

అంతే. అంత తేలిగ్గా అయిపోయింది. ఆమె అక్కడే నిలబడిపోయింది. నెగ్గినట్టు అనిపించాలి, అనిపించలేదు. ఉండేది తనా, అత్తగారా? రెండు రోజులుగా తను కొట్టుమిట్టాడుతున్నది దీని గురించేనా? ఉండాల్సినవాళ్ళ లెక్కలో అతనెక్కడా లేడు. అతను లేడని అతనికి తట్టలేదు, సరే. తనకి మాత్రం తట్టిందా? ఇప్పటిదాకా తట్టలేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఆరని బట్టలు మడతపెట్టడానికి దండెం దగ్గరికి వెళ్ళింది.

అత్తగారు అప్పటికే ఆరినవి తీసి మడతపెడుతోంది. నిలబడే.

"రేపు మీరు వెళ్ళండి అత్తయ్యా. నేను బుడంకాయ దగ్గరుంటాను."

"అదేం? నీకు చూడాలని లేదా?"

"నేను చూశాను కదా."

"ఏం చూశావు? అన్నీ పొదలేనన్నావుగా."

కోడలు దొరికిపోయింది. మొహం దాచుకోవడానికి దండెం మీది దుప్పటి చాలా పనికొచ్చింది. దుప్పటికి అవతల్నుంచి అత్తగారి గొంతు మామూలుగానే వినిపించింది.

"మరి వాడు?"

"ఆయన మీతో వస్తారు."

"ఊఁ," అంది అత్తగారు. చేతిలో ఉన్నది కొడుకు చొక్కా. దాన్ని రెండుసార్లు దులిపి, కాలరు సరిచేసి, ఎందుకో మడత పెట్టకుండానే కోడలి భుజం మీద వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆఖరి రోజు పొద్దున జీపు బస ముందుకే వచ్చింది. డ్రైవరు దిగలేదు, ఇంజను ఆపలేదు, చేతి గడియారం చూపించి వేలితో దాన్ని టకటకా కొట్టాడు. గేటు మూసే వేళవుతోందని. ఆలస్యమైతే లోపలికి పోనివ్వరు.

భర్త కెమెరా మెళ్ళో వేసుకుని, టోపీ పెట్టుకుని ఉత్సాహంగా మెట్లు దిగాడు. వెనకే అత్తగారు, చంకలో బుడంకాయ. కోడలు టోకెన్లున్న సంచీ భుజాన వేసుకుని చివర వచ్చింది, జీపు దాకా వెళ్ళి టోకెన్లు అతని చేతికిచ్చి పిల్లాణ్ణి తీసుకుందామని. రాత్రి సరిగ్గా నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి.

"అమ్మా, నువ్వు ఇటు కూర్చో. ఫోటోలకి నాకా పక్క కావాలి," అంటున్నాడు భర్త.

"ముందు వీణ్ణి పట్టుకో," అని అత్తగారు బుడంకాయని కొడుకు చేతుల్లో పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, కమ్మీ పట్టుకుని, జీపులోకి ఒక్క అంగలో ఎక్కేసింది. నడుం నొప్పి ఏ మూలనుందో కనపడలేదు. ఎక్కి, వెనక్కి తిరిగి, కోడలి వైపు చెయ్యి చాపింది.

ఆ చెయ్యి అలాంటిది ఇలాంటిది కాదు. కదిలే బస్సు వెనక పరిగెత్తుకొచ్చే జనాన్ని ఏళ్ళ తరబడి లోపలికి లాగిన చెయ్యి. ఆవిడకి సీటు సర్దాలేమో, సంచీ కావాలేమో అనుకుంటూ కోడలు తన చెయ్యి అందించింది. అందించినంతే. మరుక్షణం జీపులో ఉంది.

అత్తగారు జీపు రేకు మీద అరచేత్తో రెండుసార్లు గట్టిగా కొట్టింది.

"రైట్ రైట్!"

డ్రైవరు వెనక్కి కూడా చూడలేదు. ఆ చప్పుడు ఏ భాషలో విన్నా ఏ డ్రైవరు కాలయినా దానంతటదే కదులుతుంది. జీపు ముందుకి ఉరికింది.

"అమ్మా! ఏయ్! ఆగు! నేను ఎక్కలేదు!"

"చంకలో పిల్లాడుంటే ఎక్కనివ్వరురా!" అని అరిచింది అత్తగారు. "హాయిగా రెస్ట్ తీసుకో!"

అతను నాలుగడుగులు పరిగెత్తాడు. మెళ్ళో కెమెరా ఇటు ఊగుతోంది, చంకలో బుడంకాయ అటు ఊగుతున్నాడు. తర్వాత ఆగిపోయాడు. టోపీ దారిలో పడిపోయి ఉంది, వంగి తీసుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. బుడంకాయ మాత్రం ఏదో పెద్ద ఆట మొదలైందనుకుని, వెళ్ళిపోతున్న జీపుకి చెయ్యి ఊపాడు.

గేటు దగ్గర కాపలావాడు టోకెన్లు అడిగాడు. రెండు టోకెన్లు, ఇద్దరు మనుషులు. లెక్క సరిపోయింది. అడ్డకర్ర లేచింది.

"అత్తయ్యా, నేను దిగిపోనా?" అంది కోడలు. ఫోను తీసి చూసింది. అడవిలో సిగ్నలుండదని తెలిసీ పైకెత్తి, పక్కకి చాపి చూసింది.

"దిగితే దిగు. బండి మాత్రం ఆగదు."

"పాలల్లో పొడి ఎన్ని చెంచాలు కలపాలో ఆయనకి తెలీదు."

"డబ్బా మీద రాసుంటుంది. చదువుకున్నాడుగా."

"వాడు బాత్రూమ్‌కని చెప్పడు, నిలబడి ఊరికే చూస్తాడంతే. ఆయనకి అర్థం కాదు."

"తడుస్తుంది. తడిస్తే ఆరుతుంది."

కోడలికి నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. చేతులు ఒళ్ళో నిలవడం లేదు. సంచీలో పాల సీసా ఉండిపోయిందేమోనని వెతికింది. లేదు. గదిలోనే ఉంది. అయినా మళ్ళీ వెతికింది.

అత్తగారు ఇంకా నిలబడే ఉంది, పై కమ్మీ పట్టుకుని, గతుకు గతుక్కీ మోకాళ్ళు వంచుతూ. డ్రైవరు వెనక్కి తిరిగి కూర్చోమని చెయ్యి చూపించాడు. ఆవిడ తలూపి నిలబడింది. కాసేపాగి మళ్ళీ చూపించాడు. మూడోసారి బండే ఆపేశాడు.

"కూర్చోండి అత్తయ్యా. కదలనంటున్నాడు."

ఆవిడ కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు మోకాళ్ళ మీద పెట్టుకుంది, తర్వాత చంకలో టికెట్ల సంచీ ఉండే చోట ఒకటి దోపుకుంది.

"బస్సులో కండక్టరు సీటుంటుంది కదా అత్తయ్యా. మీరెప్పుడూ కూర్చోలేదా?"

"అప్పుడప్పుడు కూర్చునేదాన్ని. కూర్చున్నా కళ్ళు మనుషుల మీదే ఉండాలి. టికెట్టు తీసిందెవరు, తియ్యనిదెవరు. కిటికీ వైపు చూస్తే లెక్క తప్పిపోతుంది. మా రూట్లో ఒక చోట బస్సు ఎత్తెక్కేది. అక్కడికి రాగానే జనమంతా కుడి పక్కకి తిరిగి ఆహా ఓహో అనేవాళ్ళు. ఏముందో మరి. నేనెప్పుడూ చూడలేదు."

జీపు నెమ్మదించింది. డ్రైవరు ఇంజను ఆపి, మూతి మీద వేలు పెట్టుకున్నాడు.

ఈసారి ఏనుగులు దూరంగా లేవు. దారికి ఎడమ పక్క వెదురు గుబుర్లోంచి మొదట ఒక తల వచ్చింది, వెనకే మిగతావన్నీ. వాటికేం తొందర లేదు. జీపు ముందు నుంచే దారి దాటుతున్నాయి, మట్టి కొట్టుకుపోయిన పాదాలు చప్పుడు లేకుండా వేస్తూ. వాటి పొట్టల్లోంచి సన్నగా ఉరుమినట్టు గుడగుడలు వినిపిస్తున్నాయి. అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆవిడకి తెలియదు. కోడలి కళ్ళు అలవాటుగా ఆ చేతి మీదకి పోయాయి. ఉబ్బిన నరాలు, మొదటిసారికే దొరికే నరాలు, అవి టకటకా కొట్టుకుంటున్నాయి.

చివరి ఏనుగు కూడా దాటిపోయింది. చాలాసేపటికి అత్తగారు ఊపిరి వదిలింది.

"వాడి ఫోటోలో వాసన లేదే," అంది.

అది విని కోడలికి కళ్ళు నిండాయి. ఇంక ఆపుకోలేకపోయింది. "అత్తయ్యా, నాకు మొదటి రోజే తెలుసు. గుమాస్తా చెప్పినప్పుడే. ఆయనకి ముందు నుంచీ తెలుసు. ఇప్పుడే తెలిసిందని మీతో అబద్ధం చెప్పారు. నేను పక్కనే ఉండి కూడా నోరెత్తలేదు."

"ఊఁ."

"మిమ్మల్ని ఏనుగుల్ని చూపిస్తానని తీసుకొచ్చి..."

"నాకు ఇంటి దగ్గరే తెలుసమ్మా," అంది అత్తగారు. "నా కొడుకు నాకు తెలియదా? వాడు ఏనుగులనగానే నాకు బుడంకాయ కనపడ్డాడు. అయినా పోయి బూట్లు కొనుక్కున్నాను. ఏమో, నేననుకున్నది తప్పవ్వచ్చు కదా అని." చీర చెంగు సర్దుకుంది. ఏనుగులు పోయిన వైపే చూస్తోంది. "వాడు చెప్పడని తెలుసు. నువ్వు చెబుతావేమోనని చూశాను."

ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే కాళ్ళు పట్టుకోవచ్చు, ఏడవచ్చు, ఏదో ఒకటి అనచ్చు. రెండు రోజులుగా కోడలి ఒంట్లో ఒక చోట నిలవకుండా తిరుగుతున్నదేదో ఇప్పుడు ఆగింది. సిగ్గు, ఇంకేం కాదు.

జీపు మళ్ళీ కదిలింది. కొంత దూరం పోయాక దారి రెండుగా చీలింది. డ్రైవరు బండి ఆపి వెనక్కి తిరిగాడు. ఎడమ దారి చూపించి, గేటు అడ్డకర్ర లేచినట్టు చెయ్యి లేపాడు. కుడి దారి చూపించి, చేతిని చుట్టూ పెద్దగా తిప్పి, నీళ్ళు అలలాడినట్టు వేళ్ళు ఆడించాడు. తర్వాత గడియారం తట్టి, పెదవి విరిచాడు.

"ఏమంటున్నాడు?" అంది అత్తగారు.

"ఇటు వెళ్తే దగ్గర్లోనే గేటట. అటు వెళ్తే చెరువు చుట్టూ తిరిగి రావాలట. బాగా ఆలస్యమవుతుంది."

"పిల్లాడు ఏడుస్తుంటాడేమో," అంది అత్తగారు. అని ఒళ్ళో చేతుల వైపు చూసుకుంది. "వాళ్ళ నాన్నా ఎదురు చూస్తుంటాడు."

మీకు చూడాలనుందా అత్తయ్యా, అని అడగబోయి కోడలు ఆగింది. అడిగితే ఏమంటుందో తెలుసు. మీ ఇష్టమమ్మా అంటుంది. అనగానే తను గేటు వైపు చెయ్యి చూపిస్తుంది. పిల్లాడున్నాడు, పాలున్నాయి, భర్త మొహం మాడ్చుకుని ఉంటాడు. అన్నీ నిజమే.

ఆమె ముందుకి వంగి డ్రైవరు భుజం తట్టింది. అతనికి తన భాష రాదని మర్చిపోయినట్టు గట్టిగా చెప్పింది.

"కుడివైపే పోనివ్వు. చెరువు చుట్టూ మొత్తం తిప్పు. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపు."

డ్రైవరు ఆమెనీ, ఆమె చెయ్యి చూపించిన వైపునీ చూసి, మీసంలోనే నవ్వుకుని గేరు మార్చాడు. జీపు కుడి దారి పట్టాక, అత్తగారు వెనక్కి ఆనుకుని కాళ్ళు బారజాపుకుంది.